నీలం అక్షరాల వెంట మా బావ

మా బావ నతానియేలుకు ఒక జబ్బు ఉండేది. కంప్యూటర్లో నీలం రంగు అక్షరాలు కనబడితే ఆయన చెయ్యి ఆగేది కాదు. ఇంటర్నెట్లో విజ్ఞాన సర్వస్వం ఉంటుంది కదా, అందులో ఏ పేజీ చదువుతున్నా మధ్యమధ్యలో నీలం మాటలు వస్తాయి. వాటి మీద నొక్కితే ఇంకో పేజీ తెరుచుకుంటుంది. అందరం చూస్తాం, దాటేస్తాం. బావ దాటేసేవాడు కాదు. ఒకసారి మా అక్క మార్తమ్మ చింతపండు పురుగు పట్టకుండా ఏం చెయ్యాలో చూడమన్న పాపానికి, ఆయన చింతచెట్టు పుట్టిన దేశానికి పోయి, అక్కడినుంచి పాతకాలపు ఓడలెక్కి, చివరికి ఎడారిలో ఒంటెల దగ్గర తేలాడు. ఈలోగా పొయ్యి మీద చారు ఇగిరిపోయింది. "గీ మనిషిని ఉప్పు తెమ్మంటే సముద్రం ఎట్ల పుట్టిందో సదివొస్తడు" అని అక్క నెత్తి కొట్టుకునేది. అప్పట్లో కొట్టుకుంటూ నవ్వేది కూడా.

ఎక్కడ మొదలై ఎక్కడ తేలాడో రాసిపెట్టుకోవడానికి ఆయన దగ్గర ఒక పొడుగు నోటుబుక్కు ఉండేది. చింతపండు, బాణం గుర్తు, ఓడలు, బాణం గుర్తు, ఒంటెలు. అలా వందల దారులు. ఎందుకు బావా ఇదంతా అంటే, "డిగ్రీ నడిమిట్ల ఆపేసినోన్ని, గిట్లన్న సదువుకోనీయ్ జీవన్" అనేవాడు.

ఆయన పుట్టింది జనగామ దగ్గర పల్లెలో. తండ్రి మిషన్ బడిలో గంట కొట్టే మనిషి. బావ పట్నం వచ్చి నాచారం ఫ్యాక్టరీల్లో మందుల డబ్బాలకు చీటీలు అంటించాడు, సాయంత్రాలు టైపు నేర్చుకున్నాడు. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చేసరికి ఉప్పల్లో, నాచారం వైపు తిరిగే రోడ్డు మీద, ఒక మడిగె తీసుకున్నాడు. బోర్డు మీద పేరు కృప కంప్యూటర్స్. కృప ఆయన ఒక్కగానొక్క కూతురు. ముందు కౌంటర్లో జిరాక్సు, లామినేషను నా పని. లోపల గాజు తలుపు వెనక టైపింగు ఆయన పని. నేను మార్తమ్మకు తమ్ముణ్ణి, కృపకు మేనమామను. ఆ పిల్లను భుజాల మీద ఎక్కించుకుని బోర్డుకు మొదటి ట్యూబ్‌లైటు వేయించింది నేనే.

డిగ్రీ పిల్లలకు, దూరవిద్యలో చదివేవాళ్ళకు ప్రాజెక్టు పుస్తకాలు తయారు చేసివ్వడం బావ ప్రత్యేకత. యూనివర్సిటీవాళ్ళు కాపీ కొడితే పట్టేసే సాఫ్ట్‌వేర్ పెట్టినప్పటినుంచి ఆయనకు గిరాకీ పెరిగింది. వేరే సెంటర్లలో ఉన్నది ఉన్నట్టు దించి ఇచ్చేవాళ్ళు. బావ చదివి, అర్థం చేసుకుని, తన మాటల్లో టైపు చేసేవాడు. పిల్లలు చదవాల్సిన చదువు ఈయన చదివేవాడు. పట్టా వాళ్ళకు, చదువు ఈయనకు. ఇదేం న్యాయమో నాకు తెలియదు కానీ మా ఇల్లు దానిమీదే నడిచింది.

కృప ఇంటర్ మొదటి ఏడాదిలో ఉండగా కడుపునొప్పి మొదలైంది. కాలేజీకి బయల్దేరే వేళకే ఎక్కువగా వచ్చేది. అదే ఆ పిల్ల కొంప ముంచింది. ఒక క్లినిక్కు తీసుకుపోయాం. డాక్టరు స్కానింగు చేయించాడు, ఏమీ కనబడలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "ఇంటర్ పిల్లలకు ఇది మామూలే. పరీక్షల భయం. నొప్పి కడుపులో కాదు, మనసులో ఉంది" అన్నాడు. బావకు ఆ మాట బాగా నచ్చింది. ఇంటికొచ్చి నొప్పి, మనసు అని నొక్కుకుంటూ పోయి ఇరవై పేజీలు చదివాడు. "నిజమే జీవన్. మనసు నొప్పి పుట్టిస్తదంట. మందు లేదు దానికి" అన్నాడు. "మనసుకు మందు లేకపోతే ప్రార్థన ఉంది" అంది మా అక్క. ఆరోజు ఇంట్లో అందరి గుండెలూ తేలికపడ్డాయి, ఒక్క కృపకు తప్ప.

మూడు శుక్రవారాలు ఉపవాస ప్రార్థనలు చేశారు. మా సంఘం పాస్టరు పీటర్ అయ్యగారు స్వయంగా ఇంటికి వచ్చి నూనె రాసి ప్రార్థించాడు. మూడో శుక్రవారం అయ్యాక, "ఎట్లుంది బిడ్డా?" అని అడిగితే, గదినిండా మనుషులు చూస్తుంటే, "జర నయమే" అంది కృప. అంతే చాలు మా వాళ్ళకు.

మా సంఘంలో ఒక ఆచారం ఉంది. దేవుడు మేలు చేస్తే ఆదివారం ఆరాధనలో ముందుకొచ్చి, మైకు పట్టుకుని, మూడొందల మంది ముందు సాక్ష్యం చెప్పాలి. చెప్పకపోతే మేలును మింగినట్టు. చెప్పాక ఇక దానికి తిరుగులేదు. మాకు ముందు ఏ ఒక్కరూ చెప్పిన సాక్ష్యాన్ని వెనక్కి తీసుకోవడం నేను చూడలేదు. బాకా ఊదాక ఊపిరి వెనక్కి పీల్చినట్టు ఉంటుంది అది. అక్క సాక్ష్యం చెప్పింది. పక్కన తెల్ల గౌనులో కృప, వెనక చేతులు కట్టుకుని బావ. సంఘానికి యూట్యూబ్ ఛానలు పెట్టి చూసుకునేది నేనే కాబట్టి వీడియో నేనే తీశాను. 'కడుపు నొప్పి నుండి విడుదల' అని పేరు పెట్టి ఎక్కించాను. ఆమెన్, ఆమెన్ అని వందల మంది రాశారు.

ఆ తర్వాత ఎనిమిది నెలలు కృప నోట నొప్పి అన్న మాట నేను వినలేదు. తిండి తగ్గించింది. అడిగితే ఉపవాసం అనేది. చూస్తుండగా గౌన్లు వదులయ్యాయి. ఇంత చిన్న వయసులో ఇంత భక్తి ఎక్కడా చూడలేదని పీటర్ అయ్యగారు ప్రసంగంలో పేరు పెట్టి మెచ్చుకున్నాడు. మేం మురిసిపోయాం. ఎండిపోతున్న పిల్లను చూసి మురిసిపోయిన ఇల్లు ఇంకోటి ఉంటుందా అని ఇప్పుడు నాకు అనిపిస్తుంది.

సెప్టెంబర్లో ఒక పొద్దున బాత్రూంలో పడిపోయింది. పెద్ద దవాఖానాకు తీసుకుపోతే పేగుకు టీబీ అన్నారు. పేగు చిల్లుపడి విషం కడుపంతా పాకిందన్నారు. ఆపరేషను చేసిన డాక్టరమ్మ బయటికొచ్చి మాస్కు దించి, "ఇది ఒక్కరోజులో అయ్యేది కాదు. నెలల తరబడి నొప్పి ఉండుంటుంది. ముందే వస్తే మాత్రలతో పోయేది. పిల్ల మీకెవ్వరికీ చెప్పలేదా?" అని అడిగింది. "లేదమ్మా, ఒక్కనాడు గూడ అనలే" అంది మా అక్క. బావ గోడకు ఆనుకుని నేల చూస్తూ నిలబడ్డాడు. నాలుగో రోజు కృప పోయింది. పదిహేడు నిండలేదు.

ఇదంతా జరిగి రెండేళ్ళు దాటింది. ఇప్పుడు చెప్పబోయేది ఈ ఏడాది ఫిబ్రవరి సంగతి.

ఆ రెండేళ్ళూ బావ మడిగెకు వచ్చాడు, టైపు చేశాడు, పోయాడు. మా అక్క మాత్రం రోజూ మధ్యాహ్నం అన్నం తిన్నాక, ఫోన్లో ఆ సాక్ష్యం వీడియో పెట్టుకునేది. కృప నిలబడి ఉన్న వీడియో మాకు అదొక్కటే ఉంది. చూసి, ఫోను బోర్లించి, పనిలో పడేది. ఆ గొంతులు వినబడుతుంటే బావ మెట్లు దిగి కిందికి పోయేవాడు. రెండేళ్ళలో ఆయన ఒక్కసారి కూడా ఆ వీడియో చూడలేదు.

గీతిక అని ఒకమ్మాయి వచ్చింది. సైనిక్‌పురిలో ఏదో బడిలో పాఠాలు చెబుతూ దూరవిద్యలో ఇంగ్లీషు ఎం.ఏ. చేస్తోంది. వేల ఏళ్ళనాటి గ్రీకు నాటకం ఒకటి, దాని మీద ప్రాజెక్టు. "సోమవారం సబ్మిషన్ అంకుల్, ఇరవై పేజీలు చాలు" అని పేరు రాసిన కాగితం ఇచ్చి పోయింది. బావ గురువారం పొద్దున పదకొండుకు కూర్చున్నాడు. నేను మధ్యాహ్నం చాయ్ తీసుకుని లోపలికి పోతే కథ చెప్పాడు. ఒక ఊళ్ళో మహమ్మారి వస్తుంది. ఎవడో చేసిన పాపం వల్ల వచ్చిందంటారు. వాణ్ణి పట్టుకుని శిక్షిస్తానని రాజు అందరి ముందూ ఒట్టు పెడతాడు. ఒక్కొక్కణ్ణీ పిలిచి నిలదీస్తూ పోతే, చివరికి ఆ పాపి తనే అని తేలుతుంది.

"మంచిగుంది గదా" అన్నాడు. చాలా రోజులకు ఆయన ముఖంలో పాత వెలుగు కనబడింది. నాకు సంతోషమేసింది. పో బావా, పో, నీ నీలం అక్షరాల వెంట ఎంత దూరం పోతావో పో అనుకుని నేను బయటికొచ్చాను.

రెండు గంటల తర్వాత గాజు తలుపు మీద వేలితో కొట్టాడు. "జీవన్, జర ఇటు రా."

లోపల ఫ్యాను తిరుగుతోంది, బావకు చెమటలు కారుతున్నాయి. గీతిక ప్రాజెక్టు మూడు పేజీల దగ్గర ఆగిపోయి ఉంది. నోటుబుక్కు తెరిచి ఉంది. నాటకం, బాణం గుర్తు, రాజు, బాణం గుర్తు, ఆ రాజు పేరు మీద ఒక మానసిక సిద్ధాంతం, బాణం గుర్తు, దాన్ని కనిపెట్టిన డాక్టరు.

"నూరేండ్ల కిందటి ముచ్చట" అన్నాడు బావ. "మనసులకెళ్ళే రోగాలొస్తయని మొదలు చెప్పినోళ్ళల్ల గీ డాక్టరు ఒకడు. ఆయన తానకు ఆడపిల్లలొచ్చి, చిన్నప్పుడు ఇంట్లోళ్ళే మా మీద పాడు చెయ్యేసిన్రని చెప్పుకునేటోళ్ళంట. మొదలు నమ్మిండు. పెద్ద పెద్ద డాక్టర్ల ముంగట నిలవడి చెప్పిండు గూడ. ఆల్లు మెచ్చలే. ఏడాదిన్నర తిరగక ముందే మాట మార్చిండు. గదంత చాన మట్టుకు పిల్లల ఊహ అన్నడు. ఎందుకు మార్చిండని ఇప్పటికీ కొట్లాడుకుంటున్రు సదువుకున్నోళ్ళు."

"మనకెందుకు బావా? గీతిక అడిగింది నాటకం గదా" అన్నాను.

"ఆగు. ఇంకో పేజీ ఉంది." ఆయన తెర మీద పేజీ పైకి జరిపాడు. "ఆ డాక్టరు తానకు ఒక పిల్ల వొచ్చింది. కడుపునొప్పి ఆమెకు."

నేను చాయ్ గ్లాసు కింద పెట్టాను.

"ముక్కుకు ఆపరేషన్ జేస్తే కడుపునొప్పి పోతదని ఆయన దోస్తుకు ఒక పిచ్చి నమ్మకం. ఆ దోస్తు గూడ డాక్టరే. జేసిండు. జేసి, మూరెడు గుడ్డ లోపల్నే మర్చిపోయిండు. ముక్కుల నుంచి నెత్తురు, వాసన, వాపు. నొస్తుందంటే ముందుగాల ఎవ్వరు వట్టించుకోలే. ఆఖరికి ఇంకో డాక్టరొచ్చి సూసి గుంజితే గుడ్డ బయటికొచ్చింది. చావు దాక పోయొచ్చింది ఆ పిల్ల." బావ తెర మీద వేలు పెట్టాడు. "ఇదంత జరిగి ఏడాదైనంక, జీవన్, గుడ్డ కండ్లార సూసినంక, గా డాక్టరు దోస్తుకు ఏమని ఉత్తరం రాసిండో తెల్సా? గా నెత్తురు ఆమె మనసుల కోరిక వల్ల కారిందని రాసిండు. దోస్తు మీద మాట రాకుండ."

"ఆమె బతికిందా?"

"బతికింది. ఒకడన్న గుంజిండు గదా" అన్నాడు. తర్వాత తెర మీద ఆ పేజీ మూసేసి ఇంకోటి తెరిచాడు. అందులో నీలం అక్షరాలు లేవు. అది మా సంఘం ఛానలు.

వీడియో నాలుగు నిమిషాలు. అక్క మాట్లాడుతోంది. "ప్రభువు నామమున అందరికీ వందనాలు. నా బిడ్డ కడుపునొప్పి పూర్తిగ పోయింది." బావ అక్కడ ఆపి వెనక్కి జరిపి మళ్ళీ పెట్టాడు. 'పూర్తిగ పోయింది' అన్న మాట దగ్గర కృప ఎడమచెయ్యి మెల్లగా లేచి కుడివైపు పొత్తికడుపు మీదికి పోయింది. అదిమి పట్టుకుంది. ముఖం నవ్వుతూనే ఉంది. కెమెరా వెనకనుంచి ఒక గొంతు చిన్నగా అంది, "కృపా, చెయ్యి తియ్యి బిడ్డా. మంచిగ వడ్తలే."

ఆ గొంతు నాదే.

నాకు ఆ మాట అన్నట్టు గుర్తే లేదు. వీడియో ఎక్కించే ముందు రెండుసార్లు చూశాను. ఫ్రేము సరిగ్గా ఉందా, మైకు శబ్దం బాగుందా అని చూశాను. పిల్లను చూడలేదు. బావ వీడియో ఆపేశాడు. కీబోర్డు మీద చేతులు పెట్టుకుని, తెరకేసి చూస్తూ తన సంగతి చెప్పాడు.

"సాక్ష్యం చెప్పిన మూడో వారం గిక్కడికే వొచ్చింది. గా కుర్చీల కూసుంది. 'డాడీ, మళ్ళ నొస్తుంది, మస్తు నొస్తుంది' అన్నది. ప్రాజెక్టుల టైము, మస్తు పని మీదున్న. 'సాక్ష్యం చెప్పినం గద బిడ్డా. ఇప్పుడు నొస్తుందంటే మీ అమ్మ ముఖం యాడ వెట్టుకుంటది? నీ మనసుల భయం అది. మీ అమ్మకు చెప్పకు, విశ్వాసం వెట్టు' అన్న. సరే డాడీ అన్నది. లేసి పోయింది. ఇగ మళ్ళ అడగలే." ఆయన అప్పుడు నా వైపు తిరిగాడు. "డాక్టరమ్మ అడిగినప్పుడు నేను నోరు తెరవలే. ఆ గుడ్డ గుంజాల్సినోడు ఎవడన్న ఉంటే అది నేను. నేను ఇంక లోపలికి నూకిన."

ఆ సాయంత్రం మడిగె తొందరగా మూశాం.

ఆ రోజునుంచి బావకు ఒకటే పట్టుదల. ఆ సాక్ష్యాన్ని వెనక్కి తీసుకోవాలి. అది కూడా గుట్టుగా కాదు. వీడియో నేను ఒక్క నొక్కుతో తీసెయ్యగలను, తీసెయ్యనా అని అడిగితే ఒప్పుకోలేదు. "మైకుల చెప్పింది మైకులనే తీసుకోవాలె. నా బిడ్డకు నొప్పి ఉండె, అది అబద్ధం ఆడలే, నాటకం ఆడలే, భక్తి గూడ చెయ్యలే అని అదే మూడొందల మందికి చెప్పాలె" అన్నాడు. నేను వద్దన్నాను. అక్క గురించి ఆలోచించమన్నాను. సాక్ష్యం చెప్పింది అక్క. కూతురు ఒక్కనాడూ నొప్పి అనలేదన్న నమ్మకం మీద ఆమె బతుకుతోంది, ఆ కొస కూడా తెంచితే మనిషి దక్కదన్నాను. ఆయన విన్నాడు, తల ఊపాడు, మర్నాడు పీటర్ అయ్యగారి దగ్గరికి పోయాడు.

అయ్యగారు చెడ్డవాడని నేను అనను. కృప సమాధి దగ్గర వెక్కి వెక్కి ఏడ్చిన మనిషి. కానీ ఆయనకు ప్రతి ఏడుపులోనూ ఒక సాక్ష్యం కనబడుతుంది, అది ఆయన వృత్తి. "నతానియేలూ, మీరు సాక్ష్యం చెప్పిన రోజున నొప్పి లేదు కదా. ఆ రోజుకు అది నిజమే కదా" అని నచ్చజెప్పాడు. "ఆ రోజు గూడ ఉండె అయ్యగారూ" అన్నాడు బావ. ఎంత చెప్పినా కదలకపోతే చివరికి, "సరే, ఆదివారం మాట్లాడు, నీ గుండె బరువు దిగుతుంది" అన్నాడు.

మార్చి మొదటి ఆదివారం. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకొచ్చాడు బావ. అక్కకు ఏమీ చెప్పలేదు. నేను ఎప్పట్లాగే కెమెరా వెనక ఉన్నాను. ఇప్పుడు మా ఆరాధన అంతా లైవ్ పోతుంది. బావ మైకు పట్టుకుని, వందనాలు చెప్పకుండానే మొదలుపెట్టాడు.

"మూడేండ్ల కింద మేం ఇక్కడ నిలవడి చెప్పిన సాక్ష్యం అబద్ధం. నా బిడ్డకు నొప్పి పోలే. నాకు చెప్పింది. నేను నమ్మలే. ఎవ్వరికి చెప్పొద్దన్న."

ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చున్న మా అక్క తల ఎత్తలేదు, కొంగు సర్దుకుంది. బావ ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. ఆ ఆగడమే తప్పయింది. మా దగ్గర ఎవరైనా కన్నీళ్ళతో ఆగితే కీబోర్డు అబ్బాయి మెల్లగా రాగం ఎత్తుకోవడం అలవాటు. ఎత్తుకున్నాడు. ఎవరో "ప్రభువా" అన్నారు. ఇంకెవరో "స్తోత్రం" అన్నారు. బావ, "ఆ పిల్ల ఉపవాసం చెయ్యలే, తినలేకపోయింది" అన్నాడు, కానీ రాగంలో సగం కలిసిపోయింది. పీటర్ అయ్యగారు కళ్ళు తుడుచుకుంటూ వచ్చి బావను కావలించుకుని మైకు అందుకున్నాడు. "చూశారా సంఘమా! కన్నబిడ్డను పోగొట్టుకున్న తండ్రి తన హృదయాన్ని దేవుని ముందు కుమ్మరిస్తున్నాడు. ఎంత గొప్ప సాక్ష్యం!"

మూడొందల మంది చప్పట్లు కొట్టారు. బావ ఏదో అంటున్నాడు. మైకు లేదు కాబట్టి ఎవరికీ వినబడలేదు. నాకు పెదాలు కనబడ్డాయి. సాక్ష్యం కాదు, సాక్ష్యం కాదు అంటున్నాడు.

మేం ఇంటికి చేరేసరికి ఆ లైవ్ వీడియో కింద నూట పద్నాలుగు ఆమెన్‌లు ఉన్నాయి.

నాచారంలో వాళ్ళది మేడమీద రెండు గదులు. అక్క చెప్పులు విప్పి, బిందెలోంచి నీళ్ళు ముంచి బావకు ఇచ్చింది, నాకు ఇచ్చింది. బావ నీళ్ళు తాగకుండా, "జీవన్, రెండూ తీసెయ్. ఇప్పుడే తీసెయ్. నాకు ఇగ చాతగాదు" అన్నాడు. నేను ఫోను తీశాను.

"ఆగురా" అంది అక్క.

గోడకు ఆనుకుని కింద కూర్చుంది. ఆమె ఏడవడం లేదు. నాకు అదే భయమేసింది.

"నాకు తెల్వకుండ దాచిన అనుకుంటున్నవ్ గదా" అంది బావతో. "నీకంటే ముందు నాకే చెప్పింది. సాక్ష్యం అయిన రెండో వారంల. బియ్యం చెరుగుతున్న. వొచ్చి పక్కన కూసొని, 'అమ్మా, పోలేదే' అన్నది. నా చెయ్యి ఆగలే, చెరుగుతనే ఉన్న. 'మీ డాడీకి చెప్పకు బిడ్డా, గాయన గుండె పగుల్తది. జర ఓర్చుకో, దేవుడు పని షురూ జేసిండు, పూర్తి జేస్తడు' అన్న. సరేనమ్మా అన్నది. మల్ల నీ తానకు ఎందుకొచ్చిందో మరి. నేను వినకపోతే నువ్వన్న వింటవనేమో."

బావ గ్లాసు పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

"నేను మీ అమ్మకు చెప్పకు అన్న" అన్నాడు.

"తెల్సు. చెప్పలే గదా" అంది అక్క.

ఆ పిల్ల ఇద్దరి మాటా నిలబెట్టింది. ఎనిమిది నెలలు, ఈ రెండు గదుల్లో, పళ్ళెం ముందు కూర్చుని ఉపవాసం అని చెబుతూ, అమ్మకు డాడీ సంగతి తెలియకుండా, డాడీకి అమ్మ సంగతి తెలియకుండా కాపాడుకుంటూ వచ్చింది. మేం పెద్దవాళ్ళం, ప్రార్థనలు తెలిసినవాళ్ళం, ప్రపంచమంతా చదివినవాళ్ళం.

అక్క నా చేతిలో ఫోను లాక్కుంది. తనే వీడియో పెట్టింది, తనే ఆపింది. ఎక్కడ ఆపాలో ఆమెకు చూడకుండానే తెలుసు. తెర మీద కృప చెయ్యి పొత్తికడుపు మీద ఉంది.

"రోజు ఏం సూస్తున్ననుకున్నరు మీరు? నా మాటలు ఇనబుద్ధయి సూస్తున్ననా?" అంది. "గీ చెయ్యి కోసం సూస్తున్న. అండ్ల మనం ముగ్గురం ఉన్నం. ముగ్గురం అబద్ధమే ఆడుతున్నం. ఈ చెయ్యి ఒక్కటే నిజం చెప్తుంది. దాన్ని గూడ తీసేస్తనంటవా?"

"నన్నొక్కసారి తిట్టరాదే అక్కా" అన్నాను. నాకు ఏడుపు ఆగలేదు.

"ఎవల్ని తిట్టాలెరా" అని ఫోను నా ఒళ్ళో పెట్టి, స్టవ్ దగ్గరికి పోయి అన్నానికి ఎసరు పెట్టింది.

నేను తియ్యలేదు. రెండు వీడియోలూ అలాగే ఉన్నాయి, ఆమెన్‌లు వస్తూనే ఉన్నాయి. బావ ఆ తర్వాత సంఘానికి రాలేదు. మడిగెకు వస్తాడు. ఇప్పుడు కాగితం మీద ఏది రాసిస్తే అదే టైపు చేస్తాడు, ఒక్క మాట పెంచడు, నీలం అక్షరాలు ఎదురైతే దాటేస్తాడు. పొడుగు నోటుబుక్కు జిరాక్సు కాగితాల కట్టల కింద పడేశాడు. మొన్న కాగితాలకోసం వెదుకుతూ తెరిచాను. ఆఖరి దారి నాటకంతో మొదలై, రాజు, డాక్టరు, కడుపునొప్పి పిల్ల దాకా వచ్చి, దాని ముందు ఇంకో బాణం గుర్తు వేసి కృప అని రాసి ఉంది. ఆ తర్వాత పేజీలన్నీ ఖాళీ.

మధ్యాహ్నాలు ఇప్పుడు ఆయన మెట్లు దిగి కిందికి పోవడం లేదు. అక్క పక్కనే కూర్చుని చూస్తాడు. భోజనానికి పోయినప్పుడు నేనూ కూర్చుంటాను. నా గొంతు వచ్చే చోట ఇద్దరూ నా వైపు చూడరు, అది నామీద దయేనని నాకు తెలుసు. చెయ్యి తియ్యి బిడ్డా, మంచిగ వడ్తలే అంటాను నేను. మామ చెప్పాడని కృప వెంటనే చెయ్యి తీసేస్తుంది.